ఆ కోట కాదు, ఈ కోట: అత్తతో విజయనగరంలో ఒక గురువారం

మా అత్త వీణ నేర్చుకుంటానంది. ఈ ప్రయాణానికి మొదలు అదే. అత్త అంటే మా నాన్నకి అక్క. పాతపట్నం దగ్గర ఒక బడిలో ఒకటో తరగతి పిల్లలకి ముప్ఫయ్యేళ్ళకు పైగా అక్షరాలు దిద్దించి పోయినేడు రిటైరయింది. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, ఊరి గుళ్ళో వీణ వాయించేవారు. కొడుకులిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పారు. కూతురి చేతికి మాత్రం భజనలో వేసే తాళాలిచ్చారు. కొడుకులిద్దరూ మొదటి పాఠమైన సరళీ స్వరాలు దాటకుండానే వీణ వదిలేశారు, అందులో ఒకరు మా నాన్న. అత్త తాళాలు వదల్లేదు. ఇప్పటికీ శనివారం భజనలో ఆవిడ చెయ్యి ఆగిందంటే మిగతావాళ్ళ పాట తడబడుతుంది. తాతయ్య బొబ్బిలి వీణ ఇన్నేళ్ళూ మా ఇంట్లో బీరువా పక్కన దుప్పటి కప్పుకుని ఉండేది. ఈమధ్య ఇల్లు మారుతూ నాన్న దాన్ని పెట్టే చోటు లేదంటే, అత్త తన దగ్గరికి తెప్పించుకుని కొత్త తీగలు వేయించింది. వేయించిన రోజే నాకు ఫోన్ చేసి, "తీగలేయించింది గోడకి ఆనించడానికేటి? నేర్పేవోళ్ళని సూడు" అంది.

నాకు ఊళ్ళు తిరగడం, తిరిగొచ్చి ఇక్కడ రాయడం తప్ప సంగీతం గురించి పెద్దగా తెలీదు. అయినా మా వైపు సంగీతమంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది విజయనగరమే. అక్కడ కోట వెనక వీధిలో వీణ నేర్పే టీచరుగారు ఒకరున్నారని ఆఫీసులో తెలిసినావిడ నంబరిచ్చింది. ఫోన్ చేస్తే టీచరుగారు ముందు వయసడిగారు. అరవై దాటిందని చెప్పాను. పెద్దవయసువాళ్ళు కొందరు సరదాకి చేరి మధ్యలో మానేశారట, అందుకని ఇప్పుడు ఎవరినీ ఊరికే చేర్చుకోవడం లేదట. గురువారం పదింటికి తీసుకొస్తే చూసి చెప్తానన్నారు. పెట్టేసే ముందు ఇంకోమాట కూడా అన్నారు. "పదంటే పదేనమ్మా. వేళకి రానివాళ్ళకి తాళం రాదు."

ఆ మాట చెప్తే అత్త బెదురుతుందనుకున్నాను. ఆవిడ మెచ్చుకుంది. తన క్లాసులో కూడా ఆలస్యంగా వచ్చినవాళ్ళని గుమ్మం బయటే నిలబెట్టేదట. కానీ నాకొక షరతు పెట్టింది. "ఆవిడ కాదంటే మరి నన్ను ఇంకొకరి గుమ్మం ఎక్కించకు. ఈ వయసులో సిగ్గు సంపుకుని ఒక్కసారే అడగ్గలను." అంటే ఆ వీణ మోగడమా, గోడకి ఆనుకుని ఉండిపోవడమా అన్నది ఆ ఒక్క గురువారం మీద పడింది. అత్తని వేళకి చేర్చే బాధ్యత నాది. నాకు రైలు గానీ బస్సు గానీ తప్పిపోయిన దాఖలా లేదని నా రాతలు చదివేవాళ్ళకి తెలుసు. చాలాసార్లు గొప్పగా రాసుకున్నాను కూడా.

అత్త బుధవారం సాయంత్రం పాతపట్నంలో బస్సెక్కి శ్రీకాకుళంలో మా ఇంటికొచ్చింది. దారి బాగుంటే రెండు గంటలలోపే వచ్చేయొచ్చు. మర్నాడు తెల్లారగానే ఇద్దరం ఆటోలో ఆమదాలవలస వెళ్ళాం. కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే: శ్రీకాకుళం రోడ్ అనే స్టేషను శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. ఊళ్ళోంచి ఆటోకి అరగంట వేసుకోండి. విజయనగరానికి రైలు టికెట్టు టిఫిను ఖర్చంత కూడా ఉండదు, గంటంబావులో దిగిపోతాం. ఇంత వివరంగా తెలిసిన మనిషిని, ఆ రోజు నేను చేసిన పని ఇంకాస్త కిందికి వస్తే చదువుతారు.

కార్తీకం వెళ్ళిన కొత్త. కిటికీలోంచి చలిగాలి కొడుతుంటే అత్త కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. పొందూరు, సిగడాం దాటాం. వరికోతలయిపోయిన పొలాల్లో కుప్పలు కనిపిస్తున్నాయి. చీపురుపల్లిలో కూరగాయల బుట్టలతో ఆడవాళ్ళు ఎక్కి మా కాళ్ళ దగ్గర సర్దుకున్నారు. అత్త బయటికే చూస్తోంది గానీ కుడిచెయ్యి మోకాలిమీద తాళం వేస్తూనే ఉంది. ఏం పాడుకుంటున్నావని అడిగితే, ఏమీ లేదు, చెయ్యి దానంతటదే పోతోందంది. కాసేపయ్యాక, తనని కూడా చిన్నపిల్లల పక్కన కింద కూర్చోబెడతారా అని అడిగింది. కూర్చోబెడితే కూర్చుంటావా అన్నాను. "కూకుంటాను. మోకాళ్ళు ఊరుకోవాల గదా" అంది. నాకు నవ్వొచ్చింది, ఆవిడకి రాలేదు. అరచేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంటూ కూర్చుంది. అత్తని అంత బెరుగ్గా నేనెప్పుడూ చూడలేదు.

విజయనగరంలో దిగేసరికి ఎనిమిదిన్నర కావస్తోంది. పదింటికి ఇంకా బోలెడు టైముందని బస్టాండు వైపు వెళ్ళి (ఇక్కడ అందరూ కాంప్లెక్స్ అంటారు) ఎదురుగా ఒక చిన్న హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నాం. ఇద్దరికీ కలిపి నూరు రూపాయలు దాటలేదు, అల్లం పచ్చడి ఘాటుగా చాలా బాగుంది. అత్త సగమే తిని పక్కన పెట్టేసింది. అక్కణ్ణుంచి కోటకి షేర్ ఆటోలో ఐదారు నిమిషాలు. నేను ఆటో పిలవబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆడవాళ్ళకి బస్సు ఉచితమైన దగ్గర్నుంచీ అత్త ఆటో ఎక్కడం ఒక తప్పుగా చూస్తోంది. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పర్సు ముందు అరలోనే ఉంచుకుంటుంది. సరిగ్గా అప్పుడే కాంప్లెక్స్‌లోంచి ఒక కండక్టరు గొంతు వినిపించింది. "కోట, కోట, కోటా..."

అత్త నావైపు గర్వంగా చూసింది. ఇద్దరం పరుగెత్తాం. అత్త ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, "బాబూ, కోటకెళ్తాదా?" అని అడిగింది. "ఎళ్తాదమ్మా, ఎక్కండి ఎక్కండి" అన్నాడు కండక్టరు. కార్డులు చూపిస్తే మిషను లోంచి రెండు జీరో టికెట్లు చించి ఇచ్చాడు. వాటిమీద ఏం రాసుందో చూడకుండా మడిచి సంచిలో వేశాను. డబ్బులిచ్చి కొన్నదైతే ఇంత దూరానికి ఇంతా అని ఒక్కసారైనా చూసి ఉండేదాన్ని. ఊరికే వచ్చిన టికెట్టుని ఎవరు చదువుతారు?

బస్సు ఊళ్ళో మలుపులు తిరుగుతుంటే నేను అత్తకి విజయనగరం గురించి చెప్పడం మొదలుపెట్టాను. విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం, విజయ నామ సంవత్సరంలో కోటకి పునాది వేశారనీ, రాజుగారి పేరూ ఊరి పేరూ కలుపుకుని ఐదు విజయాలంటారనీ చెప్పాను. అత్త శ్రద్ధగా వింది. ఇళ్ళు పలచబడ్డాయి. షెడ్లూ, ఇటుకల బట్టీలూ వచ్చాయి. "ఇదేటే, కోట ఊరి బయటుంటాదా?" అంది అత్త. ఊళ్ళో వన్‌వేలున్నాయి, చుట్టూ తిప్పి తీసుకెళ్తాడని చెప్పాను. నేను అంత ధీమాగా చెప్పేసరికి ఆవిడ నమ్మేసింది. మామిడితోటలు వచ్చాయి. చెరుకు బళ్ళు ఎదురొచ్చాయి. నా ధీమా కొంచెం కొంచెంగా సడలుతోంది గానీ నోరు మాత్రం కోట బురుజుల గురించి చెప్తూనే ఉంది. చివరికి మా పక్క సీట్లో ఒళ్ళో ఖాళీ బుట్ట పెట్టుకుని కూర్చున్నావిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏ కోటకమ్మా మీరు?"

"కోటకే, రాజుల కోట" అన్నాను.

"రాజుల కోటైతే నువ్వు బస్సెక్కినకాడే ఉండిపోనాది. ఇది ఎస్.కోట బండి."

ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు. వెనక సీటువాళ్ళు ముందుకి వంగారు. విజయనగరం చుట్టుపక్కలవాళ్ళకి కోట అంటే శృంగవరపుకోట, అరకు దారిలో ఉండే ఊరు. రాజుల కోటకి బస్సు ఎక్కడమేమిటి, నడిచిపోతారు. ఎవరో కిసుక్కున నవ్వితే బస్సంతా నవ్వింది. అందులో ఎకసెక్కం లేదనుకోండి, అయినా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాచీ చూస్తే పది కావస్తోంది. అత్త మాత్రం నవ్వలేదు, నన్ను తిట్టలేదు కూడా. చేతిసంచిని గట్టిగా పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

కండక్టరు పాపం చాలా నొచ్చుకున్నాడు. కోట అంటే ఎస్.కోటే అనుకున్నానమ్మా అని రెండుసార్లు చెప్పి, జామిలో దింపి, ఎదురుగా వచ్చే బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి వెళ్ళాడు. అక్కడ నిలబడి టీచరుగారికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. పాఠం చెప్పేటప్పుడు ఫోను పక్కగదిలో పెడతారని తర్వాత తెలిసింది, అప్పుడు మాత్రం కోపమొచ్చి ఎత్తలేదనే అనుకున్నాను. అత్త రోడ్డు పక్కన బండిమీద అరటిపళ్ళు చూసింది. మొదటిసారి గురువు దగ్గరికి పోయేటప్పుడు చేతిలో పళ్ళుండాలని విజయనగరంలో కొందామనుకున్నాం. ఆవిడ ఒక హస్తం పళ్ళు తీసుకుని సంచిలో పెట్టుకుంది. నాకు కాస్త ఆశ పుట్టింది. "టీచరుగారికా?" అంటే, "కాదే. నీకాకలేస్తాది గదా" అంది.

తిరుగుబస్సు చాలాసేపటికి వచ్చింది. కూర్చున్నాక అత్త నెమ్మదిగా చెప్పింది: ఇంక ఆవిడ ఇంటికి వద్దు, ముఖం చెల్లదు, మధ్యాహ్నం రైలుంటే వెళ్ళిపోదాం. తప్పు నాదే, నేనే వెళ్ళి చెప్తానన్నాను. "ఎవరిదైతేనేటి. పిల్లలు కూడా అలాగే సెప్పేవోరు, అమ్మ లేపనేదు, నాన్న సైకిలు పాడైపోనాది అని. ఇంటే మరి బడి జరుగుతాదా?" అంది. ఇన్నేళ్ళు తిరిగిన తిరుగుళ్ళన్నీ ఒక పక్క, ఆ వెనక్కొచ్చిన ముప్పావుగంట ఒక పక్క. కిటికీలోంచి అవే మామిడితోటలు, అవే ఇటుకల బట్టీలు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం విజయనగరంలో దిగి, ఈసారి మారు మాట్లాడకుండా ఆటో ఎక్కి గంటస్తంభం దగ్గర దిగాం. మీరు ఈ ఊరు చూడాలనుకుంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. ఎర్రగా తెల్లగా నిలబడ్డ ఆ స్తంభం చుట్టూ బజారు వీధులు నాలుగు వైపులా పోతాయి. ఇత్తడి బిందెలు, గాజులు, నేత చీరలు, పూజ సామాన్లు, మామిడి తాండ్ర, పచారీ కొట్ల ముందు గోనెల్లో ఎండుమిరప, అన్నీ నడిచి చూసుకోగలిగినంత దూరంలోనే ఉంటాయి. విశాఖలోలాగ ఎవరూ తోసుకుపోరు. బేరం ఆడితే విసుక్కోరు, కూర్చోమని స్టూలు వేసి మరీ ఆడతారు. పక్క సందులో ఒక మెస్సులో భోజనం చేశాం. ప్లేటు నూట పది రూపాయలు. ఆవపెట్టిన అరటికాయ కూర, ముద్దపప్పు, చారు. వడ్డించే పెద్దావిడ అత్త విస్తరి చూసి, కూర బాగులేదామ్మా అని అడిగింది. ఆవిడ అలా అడిగాక అత్త మారు కూర వేయించుకుని తిన్నది. రైలు మూడు తర్వాతే ఉందని తెలిసింది. అప్పటిదాకా ఏం చేస్తాం, ఇంతదూరం వచ్చాం గదా, కోట చూద్దామన్నాను.

మూడు లాంతర్ల జంక్షన్ మీదుగా, పైడితల్లి అమ్మవారి గుడికి ఒక దణ్ణం పెట్టుకుని నడిచాం. కోట ఇప్పుడు రాజుల నివాసం కాదు, లోపల కాలేజీలున్నాయి. రాజమహలు చూడాలంటే ద్వారం దగ్గర అడిగి, వాళ్ళు వెళ్ళనిచ్చినంత మేర చూసి రావాలి. మధ్యాహ్నం క్లాసులు వదిలారేమో, పుస్తకాలు గుండెకి హత్తుకుని అమ్మాయిలు గుంపులుగా ద్వారంలోంచి బయటికొస్తున్నారు. అత్త గోడ వారగా నడుస్తూ ఒకచోట ఆగి, ఎండకి వెచ్చబడ్డ రాయిమీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. "ఐదు విజయాలు పెట్టి కట్టినారన్నావు. మనకొక్కటి ఇయ్యలేరేటి?" అంది. పొద్దుట్నుంచీ ఆవిడ వేసిన మొదటి హాస్యం అది. నేను నవ్వేలోపల తనే నవ్వింది. నవ్వాక ఇక ఆగలేదు, కళ్ళు తుడుచుకుంటూ గోడకి జేరబడి నవ్వింది. ఈ కోట కోసం ఆ కోట బస్సెక్కి సగం దారి పోయి వచ్చామని ఊళ్ళో భజనలో చెప్తే ఎవరెవరు ఏమంటారో వాళ్ళ వాళ్ళ గొంతులతో అనుకరించి చూపించింది.

అక్కణ్ణుంచి పెద్దచెరువు దగ్గరే. అమ్మవారు దొరికింది ఈ చెరువులోనే అంటారు. గట్టు మీద నిలబడితే నీళ్ళకవతల కొబ్బరిచెట్లూ, మేడలూ, ఇవతల ఊరి చప్పుడూ ఉంటాయి. గాలి మాత్రం చల్లగా తగులుతుంది. నీటికోళ్ళు తిరుగుతున్నాయి. ఎవరో తమలపాకుల మోపు సైకిలు మీద వేసుకుని గట్టు వెంట నెమ్మదిగా పోతున్నారు. ఈ ఊళ్ళో హడావిడిగా పోయేవాళ్ళు ఆ రోజు మేమిద్దరమేనేమో. సాయంత్రం నాలుగైదు మధ్య వస్తే ఎండ పడదు, కూర్చోవడానికి చోటుంటుంది, కాస్త మంచినీళ్ళు మాత్రం తెచ్చుకోండి. రైలు టైము దగ్గర పడుతోందని నేను లేచాను. అత్త లేవలేదు. అరటిపళ్ళు తీసి చూసింది, ఒక్కటీ తినలేదింకా.

"తప్పు సెయ్యడం ఒకటి, సెప్పకుండా పారిపోవడం ఇంకొకటి. పిల్లల్ని దానికే కొట్టీదాన్ని నేను. పద, ఆవిడకి సెప్పీసి ఎళ్దాం. వీణ కోసం కాదులే."

టీచరుగారి ఇల్లు కోట వెనక ఒక పాత పెంకుటిల్లు. గేటు తీసి ఉంది. లోపల చాప మీద ఇద్దరు పిల్లలు వీణలు ముందు పెట్టుకుని ఉన్నారు. టీచరుగారు అరవై అయిదుకి దగ్గరగా ఉంటారు, సన్నగా, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. నేను గబగబా లోపలికి వెళ్ళి క్షమించమని మొదలుపెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే అత్త నాతో లేదు. గుమ్మం బయట చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. టీచరుగారు లేచి గుమ్మం దాకా వెళ్ళారు.

"ఎందుకమ్మా బయట నిలబడ్డారు?"

"ఆలీసంగా వచ్చినాను గదండి. ఇన్నేళ్ళూ నేను నిలబెట్టినాను, ఇయ్యాల నిలబడతన్నాను."

టీచరుగారు ఆలస్యానికి కారణమడిగారు. అత్త దాచకుండా, నా మీదకి నెట్టకుండా చెప్పింది. కోట బస్సని విని ఎక్కామంది, జామి దాకా పోయామంది. టీచరుగారి ముఖం కదల్లేదు. సంచిలోంచి కనిపిస్తున్న ఆ పళ్ళు ఎక్కడివని అడిగారు. "అవీ జామివే" అంది అత్త. చాప మీది పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. టీచరుగారు వాళ్ళని ఒక్క చూపు చూసి, వీణ ఏమైనా వచ్చా అన్నారు. రాదు, భజన పాటలు తెలుసు, తాళం వేస్తానంది అత్త. అయితే లోపలికొచ్చి ఒకటి పాడమన్నారు. తాళం వేస్తూ పాడమన్నారు, ఆపమనే దాకా ఆపొద్దన్నారు.

అత్త చాప చివర కూర్చుని మొదలుపెట్టింది. మొదటి లైనులో శ్రుతి తప్పింది, తాళం తప్పలేదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి టీచరుగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. అక్కడ గిన్నెలు దబదబా పెట్టారు. ఎవరితోనో పాల గురించి గట్టిగా మాట్లాడారు. నాకు ఒళ్ళు మండింది, వినకుండా ఈ పనేమిటని. అత్త పాట ఆపలేదు. టీచరుగారు తిరిగొచ్చి కూర్చుని, పక్కనున్న చెక్కపెట్టె మీద వేళ్ళతో దెబ్బ వెయ్యడం మొదలుపెట్టారు. నాకు కూడా తెలిసిపోయింది, ఆ దెబ్బ తప్పు. కావాలని తప్పుగా, కాస్త వెనగ్గా వేస్తున్నారు. ఆ ఇద్దరు పిల్లల చేతులూ వాళ్ళకి తెలియకుండానే ఆ దెబ్బ వెంట పోయాయి. అత్త చెయ్యి పోలేదు. పైగా పాడుతూ పాడుతూనే టీచరుగారి వేళ్ళ వైపు చూసింది. పలక మీద అక్షరం తిరగేసి రాసిన పిల్లాడిని చూసే చూపది. నేను ఒకటో తరగతి ఆవిడ దగ్గరే చదివాను, ఆ చూపు నాకు బాగా తెలుసు.

టీచరుగారి చెయ్యి ఆగింది. కళ్ళజోడు తీసి నవ్వారు, పొద్దున బస్సులోవాళ్ళ కన్నా ఎక్కువగా.

"తాళం ఉంది. లేనిది వేళే" అన్నారు. "వేళకి రానివాళ్ళకి తాళం రాదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. ఆ మాట ఇవాళ మీరు పాడు చేశారు. వచ్చే గురువారం రండి. ముందుగా కుర్చీలో కూర్చుని నేర్చుకుందురుగాని, మోకాళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

మోకాళ్ళ గురించి మేమెవరమూ చెప్పలేదు. అత్త చాప మీద కూర్చున్నప్పుడే ఆవిడ చూసినట్టున్నారు. అత్త లేచి అరటిపళ్ళు ఆవిడ చేతిలో పెట్టి వంగి దణ్ణం పెట్టబోతే, వయసులో ఇంచుమించు ఇద్దరమూ ఒకటే, ఇవేం వద్దని చేతులు పట్టుకున్నారు. ఇంకో కబురు, మా రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. సాయంత్రం బస్సులో, కార్డులు చూపించి, టికెట్ల మీద శ్రీకాకుళం అని రాసుందో లేదో ఇద్దరం అక్షరం అక్షరం చదువుకుని ఇంటికొచ్చాం. దారంతా అత్త మోకాలి మీద చెయ్యి వేస్తూనే ఉంది. ఈసారి పాట కూడా బయటికే వినిపించింది.

ఊళ్ళు చూడ్డానికి నేను చాలా ప్లాన్లు వేసుకుంటాను. ఏ గంటకి ఏది, ఎక్కణ్ణుంచి ఎక్కడికి అని. విజయనగరం నా ప్లానుని పట్టించుకోలేదు. వేళకి చేరి ఉంటే మేము ఆటో దిగి, గుమ్మం ఎక్కి, ఔననో కాదనో అనిపించుకుని మధ్యాహ్నం రైలుకే తిరిగొచ్చేవాళ్ళం. బజారూ, చెరువుగట్టూ, ఆ వెచ్చటి గోడా చూసేవాళ్ళం కాదు. అత్త తనంతట తను లేచి, వీణ దక్కదనుకుని కూడా ఆ ఇంటికి నడిచేది కాదు. నాకు ఇప్పటికీ ఆ పొద్దున తలుచుకుంటే సిగ్గేస్తుంది. కానీ ఎవరైనా మళ్ళీ ఆ రోజుని వెనక్కి తిప్పి సరైన ఆటో ఎక్కిస్తానంటే మాత్రం ఒప్పుకోను. అరవై దాటాక ఒకటో తరగతిలో చేరడానికి ఎంత ధైర్యం కావాలో నేను అత్త పక్కన కూర్చుని చూశాను. ఆ ధైర్యం నాకు కూడా కాస్త అంటితే బాగుండుననిపించింది.

ఇక మీకు పనికొచ్చే మాట ఒకటే. విజయనగరం కాంప్లెక్స్‌లో "కోట, కోట" అని పిలిస్తే అది రాజుల కోట కాదు. మీరు చూడాలనుకున్న కోటకి ఆటో ఎక్కి "మూడు లాంతర్లు" అని చెప్పండి, ఉచితం కాకపోయినా. ఈ సలహా సరైనదో కాదో మొన్న గురువారం తేలింది. ఆ రోజు అత్త, నన్ను వెంట రానివ్వకుండా, తెల్లవారుతూనే మా ఇంటి నుంచి ఒక్కతే బయల్దేరింది. నేను ఆఫీసుకి తయారవుతుంటే ఫోనొచ్చింది. ఎక్కడున్నావత్తా అని కంగారుగా అడిగాను.

"కోట, కోటని అరుస్తన్నాడే కాంప్లెక్స్‌లో. ఎక్కనేదు" అంది. "టీచరుగారి గుమ్మంలో ఉన్నాను. నేనొచ్చీసినాను, ఆవిడకే ఇంకా తెమల్లేదు."